చిగుళ్లు క్లీన్ చేయిస్తే ఉబ్బసం పోతుందా?

"ఉబ్బసం వేరు ఊపిరితిత్తుల్లో లేదు, చిగుళ్లలో ఉంది. ఒక్కసారి స్కేలింగ్ (పళ్ల క్లీనింగ్) చేయించుకుని ఇన్‌హేలర్ అవతల పారేయండి" అనే మెసేజ్ గుంటూరు, విజయవాడ వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. సాక్ష్యంగా మిర్చి యార్డులో పనిచేసే ఒకాయన కథ చెబుతున్నారు. ఏప్రిల్‌లో క్లీనింగ్ చేయించుకున్నాడట, జూన్ కల్లా ఆయాసం మాయమట.

"విదేశీ పరిశోధనలు రుజువు చేశాయి" అని ఆ మెసేజ్‌లో ఉన్న మాటలో కాస్త నిజముంది. చిగుళ్ల జబ్బు, ఉబ్బసం ఒకే మనిషిలో కనిపించడం ఎక్కువేనని చాలా అధ్యయనాలు చెప్పాయి. తైవాన్‌లో ఆరోగ్య బీమా రికార్డులు తిరగేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, చిగుళ్లకు చికిత్స తీసుకున్న ఉబ్బసం రోగులు ఊపిరి ఇబ్బందులతో ఆసుపత్రిలో చేరడం తక్కువగా కనిపించింది. అయితే చేరికలు తగ్గాయన్నారే గానీ జబ్బు పోయిందని ఎవరూ అనలేదు. పైగా పళ్ల డాక్టరు దగ్గరికి శ్రద్ధగా వెళ్లేవాళ్లు మందులూ శ్రద్ధగానే వాడి ఉంటారు, సిగరెట్ జోలికి అంతగా పోయి ఉండరు. మేలు చేసింది ఏదో రికార్డులు చూసి తేల్చలేం.

అసలు ముందు ఏది, వెనక ఏది? ఉబ్బసం ఉన్నవాళ్లు చాలామంది నోటితో గాలి పీలుస్తారు. ఇన్‌హేలర్ మందులతో నోరు ఎండుతుంది. లాలాజలం తగ్గితే పాచి పేరుకుంటుంది, అది గట్టిపడి గార కడుతుంది, చిగుళ్లు వాస్తాయి. అంటే ఉబ్బసమే చిగుళ్లను పాడుచేస్తూ ఉండొచ్చు. మెసేజ్ రాసినాయనకు ఈ సంగతే తట్టలేదు.

ఇక యార్డు ఆయన కథ. గుంటూరులో ఉన్నవాళ్లకు నేను చెప్పాలా? ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా టిక్కీలు (మిర్చి బస్తాలు) దించుతుంటే ఆ కోరు గాలికి, అంటే మిర్చి ఘాటుకి, ఉబ్బసం లేనివాడూ దగ్గుతాడు. మే నెలలో యార్డుకి వేసవి సెలవులు ఇస్తారు. ఘాటు తగ్గింది, ఆయాసమూ తగ్గింది. క్లీనింగ్ చేయించకపోయినా తగ్గేదేమో! ఉబ్బసం కొన్నాళ్లు అణిగి, మళ్లీ లేచే జబ్బు. చేపమందు దగ్గర్నుంచి ప్రతి మందుకూ సాక్షులు దొరికేది అందుకే.

మెసేజ్‌లో "ఇన్‌హేలర్ అలవాటైపోతుంది" అన్నది అన్నిటికన్నా ప్రమాదకరమైన ముక్క. రోజూ పీల్చే స్టెరాయిడ్ ఒక పఫ్‌లో సాధారణంగా 100, 200 మైక్రోగ్రాములు ఉంటుంది. అది మానేసి ఎటాక్ తెచ్చుకుంటే మింగాల్సిన ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర రోజుకు 40 మిల్లీగ్రాముల దాకా వెళ్లొచ్చు (ఒక మిల్లీగ్రాము అంటే వెయ్యి మైక్రోగ్రాములు). స్టెరాయిడ్ అంటే భయమున్నవాడు ఇన్‌హేలర్ వదలకూడదు.

దీనికి పోటీగా "స్కేలింగ్‌తో పళ్లు కదులుతాయి" అనే మెసేజ్ ఇంకొకటి ఉంది. అదీ తప్పే. పళ్లను కదిలించేది గార కింద ఎముకను తినే జబ్బు.

స్కేలింగ్ మాత్రం తప్పకుండా చేయించుకోండి, చిగుళ్ల కోసం. వెళ్లేటప్పుడు రిలీవర్ ఇన్‌హేలర్ (ఆయాసం వచ్చినప్పుడు వెంటనే పీల్చేది) జేబులో పెట్టుకోండి. ఉబ్బసం ఉందని డాక్టరుకు ముందే చెప్పండి, ఎందుకంటే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కొందరికి ఆయాసం తెప్పిస్తాయి. ఇంట్లో స్టెరాయిడ్ పఫ్ తీసుకున్న ప్రతిసారీ నీళ్లు పుక్కిలించి ఉమ్మేయండి, లేకపోతే నాలుక మీద తెల్లటి పూత రావొచ్చు.