రేవులో ఎనిమిది గంటలు

గత శీతాకాలంలో మన సంఘం సభ్యులం నలభై మందిమి కలిసి వెళ్ళిన పది రోజుల కరీబియన్ క్రూజ్‌లో, ఓడ ఒక ఉదయం ఫ్రాన్స్‌కు చెందిన గ్వాడెలూప్ దీవిలోని ప్వాంట్-ఆ-పీత్ర్ రేవులో ఆగింది. ఎనిమిదింటికి దింపి, నాలుగింటికల్లా తిరిగి ఎక్కమన్నారు. మనవాళ్ళలో ముప్పై మందికి పైగా ముందే డబ్బు కట్టుకున్న బస్సుల్లో బీచ్‌కు వెళ్ళి, భోజనం వేళకు ఓడకే వచ్చేశారు. "ఇక్కడ చూడ్డానికి పెద్దగా ఏమీ లేదండీ" అన్న మాట ఆ రాత్రి నాలుగైదు బల్లల దగ్గర వినిపించింది. ఆ మాటతో నాకు పేచీ ఉంది. వచ్చే ఏడాది యాత్రకు కమిటీ ఇప్పుడే ఏర్పాట్లు మొదలుపెడుతోంది కనుక ఆ పేచీ ఏమిటో ఇక్కడే చెబుతాను.

కొన్ని రేవుల్లో ఓడ దిగితే కంచె లోపలి దుకాణాలు తప్ప ఊరు కనబడదు. ప్వాంట్-ఆ-పీత్ర్ అలాంటిది కాదు. ఓడ ఆగేదే ఊరి నడిబొడ్డున. కాస్త నడిస్తే జాలర్లు పడవల మీదే చేపలు అమ్ముకునే చిన్న రేవు, ఇంకాస్త ముందుకు పోతే ఇనప స్తంభాల మీద కప్పు వేసిన పాత బజారు వస్తాయి. ఆ బజారులో సుగంధ ద్రవ్యాలు అమ్మే పెద్దావిడను నేను వెళ్ళీ వెళ్ళగానే ఒక పొట్లం చూపించి ధర అడిగాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, జవాబు చెప్పకుండా "బోంజూర్" అంది. పలకరింపు లేకుండా బేరంలోకి దిగడం అక్కడ మోటుతనమని నాకు అప్పుడు తెలిసింది. నేనూ "బోంజూర్" అన్నాక ధర చెప్పడమే కాదు, పొట్లం విప్పి వాసన కూడా చూపించింది. ధనియాలు, పసుపు, మెంతులు, ఆవాలు. అక్కడ దాని పేరు "కొలొంబో". ఆ పొడితో వండిన మాంసం కూర ఆ దీవి ఇంటింటి వంట. ఇంటికి తెచ్చాక మా అత్తగారు చిటికెడు నోట్లో వేసుకుని, "కూరపొడే, మిరపకాయలు వెయ్యడం మరిచిపోయారు" అని తీర్పు చెప్పింది.

ఆ పెద్దావిడ తలకు చుట్టుకున్న పసుపు, ఎరుపు గళ్ళ గుడ్డను అక్కడ "మద్రాస్" అంటారు. కోరమాండల్ తీరంలో నేసిన గళ్ళ రుమాళ్ళు ఐరోపా వర్తకుల ఓడల్లో ఆ దీవులకు చేరి, చివరికి అక్కడి స్త్రీల పండుగ వేషంలో భాగమయ్యాయి. మన చీరాల నేతగాళ్ళు ఆఫ్రికా ఎగుమతి కోసం నేసిన రుమాళ్ళకు కూడా వ్యాపారంలో "మద్రాస్" అన్న పేరే ఉండేది. నేను పట్టి చూసినవి మిల్లు బట్టలే అనిపించింది; అయినా రెండు గజాలు కొన్నాను.

ఆ కొలొంబో పొడి అక్కడికి ఎలా చేరిందన్న ప్రశ్నకు జవాబు కూడా ఆ రేవులోనే ఉంది. 1848లో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు పనివాళ్ళు చాలక, ఫ్రెంచివారు పుదుచ్చేరి, కారైకాల్ రేవుల నుంచి ఒప్పందపు కూలీలను రప్పించారు. "ఓరేలీ" అనే ఓడ మొదటి జట్టును 1854 డిసెంబరులో తెచ్చింది. తరువాతి మూడున్నర దశాబ్దాల్లో వచ్చినవారు నలభై వేల పైమాటే. వారిలో అత్యధికులు తమిళులు కనుక దీన్ని మన చరిత్రగా చెప్పుకోవాలన్న ఆరాటం నాకు లేదు. కానీ ఆ కూలీల సంతానంలో ఒకడైన ఆన్రీ సిదంబరోం కథ (పేరు చిదంబరమే, ఫ్రెంచి నోట అలా అయింది) మనం తెలుసుకోవలసినది. అక్కడే పుట్టిన భారతీయుల పిల్లలకు ఓటు హక్కు ఉండాలని ఆయన 1904లో వ్యాజ్యానికి దిగితే, అది తేలేసరికి 1923 వచ్చింది. గ్రీన్‌కార్డు వరసలో ఏళ్ళ తరబడి నిలబడ్డ మనకు ఆ పంతొమ్మిదేళ్ళ బరువు ఒకరు విడమరిచి చెప్పాలా?

నీళ్ళ ఒడ్డునే, పాత దార్బూసియే చక్కెర కర్మాగారం ఉన్న చోట, బానిసత్వ చరిత్రకు 2015లో కట్టిన "మెమోరియల్ ఆక్ట్" ఉంది: నల్లరాతి పెట్టె లాంటి భవనం మీద చెట్టు వేళ్ళు అల్లుకున్నట్టు వెండిరంగు జాలీ. మా ఓడ పై అంతస్తు మీదికి కూడా అది కనిపించింది. చాలామంది దాని ముందు ఫొటోలు దిగారు, అదేమిటని అడగకుండానే.

బస్సుల పక్షాన చెప్పే మాటల్లో నిజం లేకపోలేదు. ఓడవారి ద్వారా కట్టుకున్న బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా తిరిగేవారి కోసం ఆగదు. పైగా ఓడ గడియారం, దీవి గడియారం ఒక్కోసారి గంట తేడాతో నడుస్తాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలకు ఆ ఎండలో నడక కష్టమే. బీచ్ మీద కూడా నాకు కోపం లేదు. కానీ బజారుకు పోయి రావడానికి బస్సూ అక్కర్లేదు, ఓడ తప్పిపోతుందన్న భయమూ అక్కర్లేదు. ఇక "భోజనానికి ముందే డబ్బు కట్టాం కదా" అని ఓడకు పరుగెత్తడం, ఆ పెద్దావిడ దగ్గర ఒక్క యూరో కోసం పావుగంట బేరమాడడం, ఈ రెండూ ఒకే మనుషులు ఒకే రోజు చేశారని రాయక తప్పడం లేదు.

కమిటీని నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. వచ్చే యాత్రలో ఇలాంటి రేవు ఉంటే అందరికీ కలిపి బీచ్ బస్సులు ముందే ఖాయం చెయ్యవద్దు; కావలసినవారికి ఒక బస్సు చాలు. సభ్యులకు పంపే కాగితంలో భోజన వేళలతో పాటు ఆ ఊరి గురించి ఒక పేజీ చేర్చండి. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయన్న సంగతి, "బోంజూర్" సంగతి అందులో తప్పకుండా ఉండాలి. ఆ పేజీ రాసే పని ఎవరూ తీసుకోకపోతే నాకు అప్పగించండి.