నిప్పు ఒక్కటే, గుమ్మాలే వేరు

రాళ్లు పేర్చి కట్టిన చిన్న గద్దె. దాని మీద ఓక్ కట్టెలు మండుతుంటాయి. లినెన్ బట్టలు కట్టుకున్న ఆడవాళ్లు పాట పాడుతూ చిటికెడు ఉప్పు తీసి మంటలో వేస్తారు. తర్వాత ఓ రొట్టె ముక్క, కాస్త బీరు. లిథువేనియాలో రొమువా మతస్థులు చేసే క్రతువు ఇది. అక్కడ నిప్పు దేవత పేరు గాబియా. ఇలాంటి వీడియో మన వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చిందంటే కింద కామెంట్ ఏముంటుందో చెప్పక్కర్లేదు: 'చూశారా, యూరప్‌లోనూ హోమాలు!'

పోలిక ఉత్తిదేం కాదు. లిథువేనియన్ భాషలో దేవుడు 'దియేవస్', నిప్పు 'ఉగ్నిస్'. దేవ, అగ్ని గుర్తుకు రాక మానవు. అయితే అది భాషల మధ్య చుట్టరికం. దాన్ని పట్టుకుని మతాలకు కూడా వరసలు కలిపేస్తే తేడా కొడుతుంది. మన హోమగుండంలో ఎవరైనా బీరు పోస్తే పంతులుగారు ఏమంటారో ఊహించుకోండి.

రొమువా వాళ్లలా క్రైస్తవానికి ముందటి దేవతల్ని మళ్లీ కొలిచేవాళ్లను పేగన్లు అంటారు. 'పేగన్' అన్న మాటకు మూలం లాటిన్‌లో పల్లెవాసి అనే పదం. క్రైస్తవులు కానివాళ్లను చిన్నచూపుతో అన్న ఆ మాటనే ఇప్పుడు కొందరు ఇష్టంగా తగిలించుకున్నారు. మంత్రవిద్యను మతంగా పాటించే విక్కా, ప్రాచీన కెల్టిక్ పూజారుల పేరు పెట్టుకున్న డ్రూయిడ్లు, ఉత్తర యూరప్ పాత దేవుళ్లు ఓడిన్‌ను, థోర్‌ను కొలిచే హీథెన్లు, గ్రీకు దేవతల భక్తులు, రొమువా అన్నీ ఈ గొడుగు కిందికే వస్తాయి. అందరూ ఋతువుల్ని బట్టి పండగ చేసుకుంటారు. ఒక్క దేవుడే అన్న పట్టింపు సాధారణంగా ఉండదు. ఏం నమ్ముతున్నావన్న దానికంటే ఏం చేస్తున్నావన్నదే వాళ్లకు ముఖ్యం. 'ఇది ఎక్కణ్నుంచి వచ్చింది, ఎవరిది?' అని అడిగినప్పుడే దారులు చీలతాయి.

విక్కా సంగతే చూడండి. దాన్ని జనంలోకి తెచ్చిన జెరాల్డ్ గార్డ్‌నర్ మలయాలో కస్టమ్స్ ఉద్యోగం చేసి రిటైరైన ఇంగ్లిష్‌వాడు. మంత్రవిద్య మీద ఉన్న పాత చట్టాన్ని బ్రిటన్ 1951లో రద్దు చేసింది. 1954లో ఆయన పుస్తకం వేసి, ప్రాచీన మంత్రగత్తెల మతం రహస్యంగా బతికే ఉందన్నాడు. చరిత్రకారులు ఒప్పుకోలేదు. విక్కన్లు ఇప్పుడు జరుపుకునే ఎనిమిది పండగల వరస కూడా 1950ల్లో కుదిరిందే. తమది కొత్త మతమేనని నేటి విక్కన్లలో చాలామంది ఒప్పుకుంటారు. నాకు వాళ్లలో నచ్చేది ఆ నిజాయితీ. అన్నట్టు, వాళ్లు గర్వంగా చెప్పుకునే 'విచ్' అన్న మాటను మంత్రగత్తె అని తెనిగిస్తే మనకు వేరే అర్థం తగులుతుంది. బాణామతి చేసిందన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఊళ్లు మనవి.

డ్రూయిడ్లది ఇంకో తమాషా. ఎండాకాలంలో పగలు అన్నిటికన్నా పొడుగ్గా ఉండే రోజున ఇంగ్లండ్‌లోని ప్రాచీన రాతి వలయం స్టోన్‌హెంజ్ దగ్గర తెల్లటి అంగీల్లో సూర్యోదయం కోసం నిలబడతారు. కానీ ప్రాచీన డ్రూయిడ్ల పేరు రాతల్లో కనిపించడానికి దాదాపు రెండు వేల ఏళ్ల ముందే అక్కడ ఆ రాళ్లు నిలబెట్టారు.

రొమువా పుట్టుక ఇలాంటిది కాదు. లిథువేనియా 1387లో గానీ క్రైస్తవంలోకి మారలేదు. ఆ తర్వాత కూడా పాత దేవతలు జానపదుల పాటల్లో, పండగల్లో మిగిలారు. సోవియట్ హయాంలో 1967లో యోనాస్ త్రింకూనాస్, ఆయన మిత్రులు కెర్నవే అనే ఊళ్లో ఎండాకాలపు పండగ చేశారు. పైకి అది జానపద సంస్కృతి, లోపల మతం, జాతి అభిమానం కూడా. అందుకే వాళ్లకు మతమంటే ముందు నేల, భాష, పాట. ప్రభుత్వ గుర్తింపు మాత్రం తేలిగ్గా రాలేదు. 2019లో పార్లమెంటు కాదంది. 2021లో యూరప్ మానవ హక్కుల కోర్టు తప్పుపట్టింది. చివరికి 2024లో దక్కింది.

నేల, జాతి అన్న మాట వచ్చాక అసలు చిక్కు మొదలవుతుంది. ఐస్‌లాండ్‌లో స్వేన్‌బ్యోర్న్ బేన్‌తేన్‌సన్ అనే రైతు కవి 1972లో ఓడిన్, థోర్‌ల ఆరాధనకు సంఘం పెట్టాడు. మరుసటి ఏడే ప్రభుత్వం గుర్తించింది. వాళ్ల క్రతువులో పానీయం నింపిన కొమ్ము చేతులు మారుతూ తిరుగుతుంది. అందుకున్నవాళ్లు దేవతల పేరో, పూర్వీకుల పేరో తలుచుకుని ఒక గుక్క తాగుతారు. ఒంటికన్ను దేవుడు ఓడిన్ ఎనిమిది కాళ్ల గుర్రమెక్కి నిజంగా తిరుగుతాడని ఎవరూ నమ్మరని, ఆ కథలు కవితా రూపకాలని సంఘం పెద్ద హిల్మర్ ఓర్న్ హిల్మర్‌సన్ 2015లో తేల్చి చెప్పారు. జాతిని బట్టి మనుషుల్ని వడకట్టే మతంగా దాన్ని చూడటాన్ని ఆ సంఘం ఒప్పుకోదు.

అమెరికాలో అసాత్రు ఫోక్ అసెంబ్లీ అనే సంఘం కొలిచేదీ ఆ దేవతలనే. కానీ అందులో చేరాలంటే యూరప్ రక్తం ఉండాలి. దాన్ని ఖండిస్తూ 2016లో చాలా హీథెన్ సంఘాలు ఒక ప్రకటన మీద సంతకాలు చేశాయి. పాత నార్స్ కవితలోని 127వ పద్యం పేరు మీదే ఆ ప్రకటన వెలువడింది. చెడు కనబడితే చెడని చెప్పు, శత్రువుతో సంధి వద్దు అంటుంది ఆ పద్యం.

ఉద్యోగం కోసం ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో స్థిరపడ్డ గుంటూరు కుర్రాడు రేపు ఓడిన్‌కు మొక్కాలనుకుంటే అక్కడి సంఘంలో పేరు రాయించుకోవచ్చు. అమెరికాలోని ఆ ఇంకో సంఘం గుమ్మం దగ్గర అతని తాతలెవరని అడుగుతారు.