నంబర్ సిరీస్: తప్పు పిల్లలది కాదు, ప్రశ్నది

పోటీ పరీక్షల ప్రిలిమినరీ కీ విడుదలైన సాయంత్రం కాకినాడలో, రాజమండ్రిలో, భీమవరంలో ఏ స్టడీ హాల్ దగ్గరకు వెళ్లినా ఇదే గొడవ. చరిత్ర ప్రశ్న మీద తేడా వస్తే పుస్తకం తీసి చూపిస్తారు, అక్కడితో సద్దుమణుగుతుంది. రీజనింగ్‌లో నంబర్ సిరీస్ మీద మొదలైన వాదన మాత్రం ఓ పట్టాన తెగదు. ఇలా చూస్తే ఇది వస్తుందని ఒకరు, అలా చూస్తే అది వస్తుందని ఇంకొకరు కాగితం మీద వేసి చూపిస్తారు. ఇద్దరి లెక్కా సరిగ్గానే ఉంటుంది. చివరికి "కీలో ఏది ఉంటే అదే కరెక్టు, వదిలెయ్ రా" అని ఎవరో ఒకరు తేల్చేస్తారు. అలా వదిలేయడం దగ్గరే నా అభ్యంతరమంతా. నియమం చెప్పకుండా నాలుగు అంకెలిచ్చి తరువాతి సంఖ్య ఏమిటని అడిగితే అది అసంపూర్తి ప్రశ్న. దాని మీద ఒకరి మార్కు, ర్యాంకు, ఉద్యోగం ఆధారపడేలా చేయడం అన్యాయం.

2, 3, 5 తీసుకోండి. తరువాత ఏమిటి? ప్రధాన సంఖ్యలు అనుకుంటే 7. ముందున్న రెండూ కలిపితే తరువాతిది వస్తుందనుకుంటే 8. తేడాలు 1, 2 అని రెట్టింపవుతున్నాయి కాబట్టి తరువాతి తేడా 4 అనుకుంటే 9. ఈ మూడూ ఆప్షన్లలో ఉంటే అభ్యర్థి ఏది దిద్దాలి? మూడూ స్కూల్లో నేర్చుకున్న లెక్కలే, దేనిలోనూ తిరకాసు లేదు.

ఇంకో రెండు అంకెలు ఇస్తే సందేహం పోతుంది కదా అంటారు. సరే, ఇద్దాం. 2, 3, 5, 7, 11. ఇప్పుడు తరువాతిది 13 అని కళ్లు మూసుకుని చెప్పేస్తాం. కానీ ఒక సంఖ్యను ఎన్ని రకాలుగా విడగొట్టి రాయొచ్చో లెక్కపెట్టి చూడండి. 4ను 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1 అని 5 రకాలుగా రాయొచ్చు. అలాగే 2ను 2 రకాలుగా, 3ను 3 రకాలుగా, 5ను 7 రకాలుగా, 6ను 11 రకాలుగా రాయొచ్చు. వరస అదే: 2, 3, 5, 7, 11. తరువాత 7ను ఎన్ని రకాలుగా రాయొచ్చు? 15. శ్రీనివాస రామానుజన్, ఇంగ్లండ్ గణిత శాస్త్రవేత్త హార్డీ కలిసి 1918లో ప్రచురించిన సుప్రసిద్ధ వ్యాసం ఈ విభజన సంఖ్యల గురించే. ఆ లెక్క తెలిసి 15 దిద్దిన అమ్మాయికి మన పరీక్షల్లో సున్నా కూడా రాదు. ఏపీపీఎస్సీ అయితే మార్కులో మూడో వంతు కోత, బ్యాంకు పరీక్ష అయితే పావు వంతు కోత.

దీన్ని చేత్తో గీసి చూడాలనుకునేవారికి ఇంకా మంచి ఉదాహరణ ఉంది. ఒక వృత్తం గీసి దాని మీద చుక్కలు పెట్టి, ప్రతి చుక్కనూ మిగతా చుక్కలన్నిటితో గీతలతో కలపండి. లోపల ఎన్ని గదులు వచ్చాయో లెక్కపెట్టండి. ఒక చుక్కకు 1, రెండింటికి 2, మూడింటికి 4, నాలుగింటికి 8, ఐదింటికి 16. ఆరో చుక్క పెట్టగానే 32 అని లెక్కపెట్టకుండానే రాసేస్తాం. ఓపిగ్గా లెక్కపెడితే వచ్చేది 31. అదీ చుక్కలు కాస్త ఎడాపెడాగా పెట్టినప్పుడు. ఆరు చుక్కలూ సమాన దూరంలో పొందిగ్గా పెడితే మూడు గీతలు నడిమధ్యలో ఒకే చోట కలుసుకుని ఒక గది మాయమవుతుంది, 30 మాత్రమే వస్తాయి. ఐదు పదాలు వరసగా రెట్టింపవుతూ వచ్చి ఆరో దగ్గర మాట తప్పాయి. తొమ్మిదో తరగతి పిల్లలతో ఈ బొమ్మ ఒక్కసారి వేయిస్తే చాలు, 'ప్యాటర్న్ కనిపించింది కాబట్టి నిజం' అనే భ్రమ వదిలిపోతుంది.

అసలు గణితం ఇంకో అడుగు ముందుకేసి చెబుతుంది: ఏ వరసకైనా ఏ సంఖ్యనైనా తరువాతి పదంగా చూపించొచ్చు. 1, 2, 3, 4, 5 తరువాత 126 వస్తుందని నేనంటాను. నా నియమం ఇది: n స్థానంలోని పదం n + (n-1)(n-2)(n-3)(n-4)(n-5). మొదటి ఐదు స్థానాల్లో ఆ గుణకారంలో ఏదో ఒకటి సున్నా అవుతుంది, కాబట్టి 1, 2, 3, 4, 5 చెక్కుచెదరవు. ఆరో స్థానంలో 5×4×3×2×1, అంటే 120 వచ్చి 6కు కలుస్తుంది. ఆ గుణకారం ముందు తగిన భిన్నం పెడితే 126 బదులు మీ ఇంటి డోర్ నంబరే తెప్పించొచ్చు. లాగ్రాంజ్ పేరుతో డిగ్రీ విద్యార్థులు చదివే సూత్రం చేసే పని ఇదే, అదీ రెండు శతాబ్దాల కిందటి నుంచీ తెలిసిందే. డిగ్రీ సిలబస్‌లో ఇది నేర్పించి, ఆ డిగ్రీ అర్హతతోనే రాసే ఉద్యోగ పరీక్షలో దీన్ని మర్చిపొమ్మనడం ఏం న్యాయం?

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. పరీక్షలో అడిగేది అన్నిటికన్నా సులువైన నియమం, అది అందరికీ తెలిసిన ఒప్పందమే, పైగా ప్రశ్న అందరికీ ఒకటే కాబట్టి ఎవరికీ అన్యాయం లేదు అంటారు. 126 లాంటి జవాబులకు అది సరిపోతుంది, ఒప్పుకుంటాను. కానీ 2, 3, 5 దగ్గర 7 సులువా, 8 సులువా, 9 సులువా? సులువు అనేది చదువుకున్న దాన్ని బట్టి మారుతుంది. మూడేళ్లు కోచింగ్‌లో కూర్చున్నవాడికి ప్రశ్న తయారు చేసినవాళ్ల అలవాట్లు తెలుస్తాయి. ముమ్మిడివరం పక్క లంకలోంచి జడ్పీ స్కూల్లో చదివి నేరుగా వచ్చిన పిల్లకు అవి తెలియవు. మరి ఇద్దరికీ ఒకే ప్రశ్న ఎలా అయింది? ఎనిమిదో తరగతి పిల్లలు రాసే ఎన్ఎంఎంఎస్ పరీక్షలోనూ మెంటల్ ఎబిలిటీ పేపర్ ఉంటుంది. పాసై మెరిట్‌లో ఉంటే ఏడాదికి 12,000 రూపాయల చొప్పున నాలుగేళ్లు స్కాలర్‌షిప్ వస్తుంది. పేదింటి పిల్లల కోసం పెట్టిన పరీక్షలో పేపర్ సెట్ చేసినవారి అలవాట్లు తెలిసి ఉండడం ఒక అర్హత కాకూడదు.

వాట్సాప్‌లో తిరిగే పజిళ్ల సంగతి వేరు. 1+4=5, 2+5=12, 3+6=21 అయితే 8+11 ఎంత అని ఏళ్లుగా తిరుగుతూనే ఉంది. వచ్చిన మొత్తాన్ని కింది వరసకు కలుపుకుంటూ పోతే 40. రెండూ గుణించి మొదటిది కలిపితే 96. రెండూ సరైనవే, అందుకే ఆ పజిల్ బాగుంటుంది. అక్కడ ఎవరి ఉద్యోగమూ పోదు.

ఇప్పుడు మన ఊరి అంకెల దగ్గరకు వద్దాం. భద్రాచలం దగ్గర గోదావరికి మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48. మూడోది ఎంత? 53. సిరీస్ లెక్క సరిపోయింది. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75. మూడోది ఎంత? రీజనింగ్ పుస్తకం చదివినవాళ్లు 15.75 అంటారు. కాదు, 17.75. తేడా రెట్టింపైంది కదా అని ఇప్పుడు ఇంకో నియమం అల్లొచ్చు, కానీ ఆ అంకె ఏ నియమం నుంచీ పుట్టలేదు. నదిని, గట్లను, వరద నీటిలో ఉండే లంకలను చూసి పెట్టిన అంకెలవి. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల పైచిలుకు వరద ఎలా వచ్చిందో చూసిన పెద్దవాళ్లను అడగండి, 2022 జూలైలో 25 లక్షలు దాటినప్పుడు సామాన్లు అటక మీదకు ఎక్కించినవాళ్లను అడగండి. గంట గంటకూ నీటిమట్టం వింటారు, కానీ వరస చూసి ఊరుకోరు. పైన భద్రాచలంలో ఎంత ఉంది, ఉపనది శబరి ఎలా ఉంది, సముద్రం పోటు మీద ఉందా పాటు మీద ఉందా అని అడుగుతారు. తరువాతి అంకె ముందు అంకెల్లోంచి రాదని, నీళ్లలోంచి వస్తుందని వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

గోదావరి పుష్కరాలు కూడా అంతే. 1991, 2003, 2015, ఇక 2027. పన్నెండేళ్లకోసారి అన్నది గుర్తుండడానికి బాగుంటుంది. నిజమైన నియమం మాత్రం గురువు సింహరాశిలో అడుగుపెట్టడం. గురుగ్రహం సూర్యుణ్ణి చుట్టి రావడానికి సుమారు 11.86 ఏళ్లు పడుతుంది కాబట్టి ఎప్పుడో ఒకసారి పదకొండో ఏటే పుష్కరం రాక తప్పదు. కారణం తెలిసినవాడు ఆ ఏడు సిద్ధంగా ఉంటాడు.

నా బాధంతా ఇక్కడే. మనం పిల్లలకు అంకెను దాని కారణం నుంచి విడదీసి నేర్పుతున్నాం. భీమవరం వైపు రొయ్యల చెరువు గట్టు మీద పెరిగిన పిల్లాడికి 100 కౌంట్, 50 కౌంట్, 30 కౌంట్ అంటే అంకె తగ్గేకొద్దీ రేటు ఎందుకు పెరుగుతుందో తెలుసు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది. వాళ్ల నాన్న వల విసిరి రొయ్య ఎన్ని గ్రాములైందో తూచి రాసుకుంటాడు. ఆ వరసలో ఎదుగుదల ఆగిపోతే 'తరువాతి అంకె ఏమిటి' అని ఆలోచించడు. చెక్ ట్రేలో మేత మిగిలిందా, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయిందా, వైట్ స్పాట్ రోగం వచ్చిందా అని పరిగెత్తుతాడు. ఇంట్లో ఇంత మంచి లెక్కల చదువు చూసిన పిల్లాడిని హాస్టల్‌లో వేసి, కారణం లేని అంకెల వరసలు రోజుకు వంద చేయించి, 'ఎందుకు' అని అడిగితే టైమ్ వేస్ట్ అంటున్నాం. పీటర్ వేసన్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త 1960లో ఒక ప్రయోగం ప్రచురించాడు. 2, 4, 6 ఇచ్చి, మీకు తోచిన మూడేసి అంకెలు చెప్పి నియమం కనిపెట్టండి అన్నాడు. చాలామంది తమ మనసులోని నియమానికి సరిపడే అంకెలే చెబుతూ పోయి తప్పు నియమం దగ్గర ఆగిపోయారు. అసలు నియమం పెరుగుతూ పోయే ఏ మూడు అంకెలైనా సరే అన్నది, అంతే. తన ఊహను తానే పడగొట్టి చూసుకోవడం మనిషికి సహజంగా రాదు, నేర్పాలి. మన రీజనింగ్ క్లాసు దానికి సరిగ్గా ఎదురు దిక్కులో నడుస్తోంది: మొదట తట్టిన ప్యాటర్న్ పట్టుకో, దిద్దు, ముందుకు పో.

కోర్టుల సంగతికొస్తే 1983లో కాన్పూర్ యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ప్రశ్నలో సందిగ్ధత ఉందని దృష్టికి వస్తే వెంటనే దాన్ని లెక్కలోంచి తీసేయాలంది. 2017 డిసెంబరులో రణ్ విజయ్ సింగ్ కేసులో మాత్రం సందేహం ఉంటే ఆ ప్రయోజనం అభ్యర్థికి కాకుండా పరీక్ష పెట్టినవారికే దక్కాలంది. ఈ రెండో మాట నంబర్ సిరీస్‌కు వర్తింపజేస్తే అభ్యర్థి నోరు నొక్కినట్టే. 2024 నీట్‌లో పరమాణువుల ప్రశ్నకు రెండు జవాబుల మీద వివాదం వస్తే ఐఐటీ ఢిల్లీ నిపుణులు ఒకటే సరైనదని తేల్చారు, 4 లక్షల మందికి పైగా మార్కులు తగ్గాయి. అక్కడ తేల్చడానికి ప్రకృతి ఉంది. 2, 3, 5 తరువాత 7 రావాలో 9 రావాలో తేల్చడానికి ఏ ఐఐటీ దగ్గరా ఏమీ లేదు. పేపర్ తయారు చేసినవారి మనసు ఒక్కటే ఆధారం, అది నిపుణుల కమిటీ ముందుకు రాదు.

అలాగని నంబర్ సిరీస్ ఎత్తేయమనడం లేదు. ఓఎంఆర్ పద్ధతిలోనే న్యాయంగా అడగొచ్చు. నియమం ఇచ్చి లెక్క అడగండి: 2, 3తో మొదలై ప్రతి పదం ముందున్న రెండింటి మొత్తమైతే పదో పదం ఎంత? జవాబు 144, దాని మీద ఎవరూ గొడవ పడలేరు. లేదా జవాబు మీరే ఇచ్చి నియమం అడగండి: 2, 3, 5 తరువాత 9 వచ్చిందంటే ఈ నాలుగు నియమాల్లో ఏది సరిపోతుంది? ఇందులో పిల్ల ఆలోచన కూడా బయటపడుతుంది. స్కూళ్లలో అయితే ఇంకా సులువు, మూడు రకాల జవాబులు, మూడింటికీ కారణాలు రాయమనొచ్చు. ధవళేశ్వరం అంకెలతోనే మొదలుపెట్టొచ్చు.

పాత పద్ధతిలోనే అడుగుతామంటే బోర్డులు కనీసం ఒక పని చేయాలి. ప్రిలిమినరీ కీలో జవాబు పక్కన నియమం కూడా అచ్చు వేయాలి. జేఈఈ మెయిన్‌లో ఒక్కో అభ్యంతరానికి 200 రూపాయలు కట్టాలి. ఏ నియమం మీద అభ్యంతరం చెబుతున్నాడో కూడా తెలియకుండా అభ్యర్థి చేత ఫీజు కట్టించడం ఏమిటి? ఇక కొత్త చట్టం, కమిటీ ఏవీ అక్కర్లేదు. తదుపరి నోటిఫికేషన్‌లో ఒక వాక్యం చేరిస్తే చాలు: "ఇచ్చిన ఆప్షన్లలో ఒకటి కన్నా ఎక్కువ వాటికి సరైన నియమం చూపగలిగితే, వాటిలో ఏది దిద్దినా పూర్తి మార్కు ఇస్తాం."