గోధుమ రవ్వ వెనక అండర్‌టేకర్

తప్పు నాదే అని మా ఆవిడ అంటుంది. కాగితానిది అని నేనంటాను.

మా ఇంట్లో పెన్నులు ఓ డజను ఉంటాయి, వాటిలో రాసేది ఒకటి. కాగితం మాత్రం అవసరానికి ఒక్కటీ దొరకదు. మర్నాడు శనివారం, పౌర్ణమి, ఇంట్లో సత్యనారాయణ వ్రతం. పంతులుగారు ఫోన్లో చెప్పిన సామాన్లన్నీ మా ఆవిడ పాత డైరీలోంచి చింపిన కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద పెట్టింది. పొద్దున్నే కాకినాడ మెయిన్ రోడ్డుకెళ్ళి తెచ్చెయ్యాలి, అంతే నా పని. ఆ కాగితానికి ఒకవైపు సామాన్లు, రెండోవైపు ఖాళీ. ఆ ఖాళీయే నా కొంప ముంచింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక ఏడో తరగతి చదివే మా అబ్బాయి ఫోన్లో రెజ్లింగ్ వీడియో చూస్తూ, "నాన్నా, రోమన్ రెయిన్స్‌ని మించినోడు లేడు, పదమూడు వందల పదహారు రోజులు ఛాంపియన్ బెల్టు వదల్లేదు తెలుసా" అన్నాడు. వాడి మానాన వాణ్ణి వదిలేసి ఉంటే అయిపోయేది. కానీ వ్రతానికని పొద్దున్న గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో దిగిన మా బావమరిది అక్కడే ఉన్నాడు. వాడికి ముప్పై ఒకటి. "రోమన్ ఏంట్రా, జాన్ సీనా ఉండగా" అన్నాడు. నాకు నలభై మూడు. నేను ఊరుకుంటానా?

మా తరంవాళ్ళకి ఈ ర్యాంకుల పిచ్చి టీవీ కన్నా ముందు కార్డులతో పట్టుకుంది. ట్రంప్ కార్డులు. ఒక్కో కార్డు మీద ఒక్కో వస్తాదు బొమ్మ, కింద ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, ఎన్ని ఫైట్లు చేశాడు, ఎన్ని గెలిచాడు. బరువు అడిగితే యోకోజునా కార్డున్నవాడికి తిరుగులేదు. ఆ యోకోజునా జపాన్ వాడని మేం చాలా ఏళ్ళు నమ్మాం, తీరా చూస్తే సమోవా కుటుంబంలో పుట్టిన అమెరికావాడు. లెక్కల్లో ముప్పై ఐదు మార్కులకి దేవుడికి దణ్ణం పెట్టుకునే నేను ఆ కట్టలోని కొలతలన్నీ కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి.

ఇక ఆ వస్తాదుల్లో నా హీరో అండర్‌టేకర్‌కి ఏడు ప్రాణాలన్న సంగతి ఉందే, దాని మీద నేను ప్రమాణం చేసి దెబ్బలాడిన సందర్భాలున్నాయి. 1994 జనవరిలో పదిమంది కలిసి వచ్చి అతన్ని శవపేటికలో పెట్టి మూసేశారు. ఆరేడు నెలలు మనిషి కనబడలేదు. ఆగస్టులో తిరిగొచ్చేసరికి ఎదురుగా ఇంకో అండర్‌టేకర్! అదే టోపీ, అదే నల్లకోటు. ఆ రెండోవాడు బ్రయాన్ లీ అనే వేరే రెజ్లరని ఇప్పుడు అందరికీ తెలుసు కానీ, ఇంటర్నెట్ లేని రోజుల్లో పన్నెండేళ్ళ కుర్రాడు ఏమనుకోవాలి? ఒక ప్రాణం పోయింది, ఇంకా ఆరున్నాయి అనుకోవాలి. అనుకున్నాం.

"బావా, మీ అండర్‌టేకర్‌ని అక్షయ్ కుమార్ కూడా కొట్టాడు కదా" అన్నాడు బావమరిది. నాకు నెత్తికెక్కింది. 1996 నాటి ఆ హిందీ సినిమాలో ఉన్నది కూడా ఆ డూప్లికేటు బ్రయాన్ లీయే, అసలతను కాదు. ఈ సంగతి నేను ఇప్పటికి ఓ నలభై మందికి చెప్పి ఉంటాను. చెప్పిన ప్రతిసారీ రక్తపోటు ఒకేలా పెరుగుతుంది.

వాడి దగ్గర ఇంకో ఆయుధం ఉంది. 2023 సెప్టెంబరు 8న హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి జాన్ సీనా వచ్చాడు. సేత్ రోలిన్స్‌తో జత కట్టి కుస్తీ కూడా పట్టాడు. వీడు ఆఫీసుకి జ్వరమని చెప్పి వెళ్ళాడు. "నేను కళ్ళారా చూశాను బావా" అంటాడు మాటకి ముందోసారి, వెనకోసారి. మొహం ముందు చెయ్యి ఊపి నన్ను నువ్వు చూడలేవు అనేవాణ్ణి చూశానని గొప్పలు చెప్పుకోవడం ఏంటో నాకు అర్థం కాదు.

ఇదంతా ముందే రాసుకున్న ఆటని మా ముగ్గురికీ తెలుసు. ఎవడు గెలవాలో, ఎవడు పడాలో లోపల కూర్చుని నిర్ణయిస్తారు. అంచేత ఎవరికెన్ని బెల్టులు అని లెక్కపెట్టడం, మన హీరో ఎన్ని సినిమాల్లో విలన్ని కొట్టాడో లెక్కపెట్టడం లాంటిదే. ఆ మాట నేనే అన్నాను. అని, వెంటనే "అయినా రిక్ ఫ్లెయిర్‌వి పదహారు" అన్నాను. "2025లో సీనావి పదిహేడయ్యాయి" అన్నాడు వాడు. నా అనుమానం ఏంటంటే, ఎవడైనా సరే తను ఏడో తరగతిలో ఉండగా టీవీలో ఎవడు వెలుగుతున్నాడో వాణ్ణే జీవితాంతం మొదటి స్థానంలో పెడతాడు. మా అబ్బాయి రోమన్ అంటున్నాడంటే వాడి తప్పేం లేదు.

నోటిమాటలు లాభం లేదు, రాసి పెట్టుకుందాం అన్నాడు బావమరిది. కాగితం కోసం ఇల్లంతా వెతికితే దొరికింది ఫ్రిజ్ మీది కాగితమే. వెనక టాప్ టెన్ రాయడం మొదలెట్టాం. ఒకటి అండర్‌టేకర్, నా ఇల్లు కాబట్టి. రెండు స్టోన్ కోల్డ్ ఆస్టిన్. అతిథి కదా అని సీనాకి మూడు ఇచ్చాను. నాలుగు హల్క్ హోగన్. బ్రెట్ హార్ట్ ఏడులోకి జారిపోయాడు. తొమ్మిది దగ్గర మాట పెరిగి ఖాళీ వదిలేశాం. పదిలో గ్రేట్ ఖలీని పెట్టాం. నడవడానికే ఇబ్బంది పడేవాడు, నిజమే, కానీ హిమాచల్‌లో పుట్టి పంజాబ్ పోలీసులో పనిచేసినవాడు 2007లో ఆ అమెరికా రెజ్లింగ్‌లో ప్రపంచ ఛాంపియన్ అయితే మనం పదో స్థానం కూడా ఇవ్వకపోతే ఎలా?

పన్నెండున్నరకి పడుకున్నాం.

పొద్దున్న ఎనిమిదిన్నరకి పూజాసామాన్ల కొట్టులో ఉన్నాను. రాహుకాలం పదిన్నరకి వెళ్ళిపోతుంది, పదీ ముప్పై ఐదుకల్లా పీటల మీద ఉండాలి, పన్నెండున్నరకి పంతులుగారికి ఇంకోచోట పనుంది. పావుగంటలో వస్తానని చెప్పి వచ్చాను. కొట్టాయనకి కాగితం ఇచ్చి ఫోన్ చూసుకుంటున్నాను. ఆయన దగ్గర చడీచప్పుడూ లేదు. తలెత్తి చూస్తే చెవిలో పెన్సిల్ తీసి కాగితం కేసి తదేకంగా చూస్తున్నాడు.

"ఏవండీ, హోగన్ గారిని నాలుగులో పెట్టారేంటండీ బాబూ?"

గోదావరి జిల్లాల్లో గొడవైనా గారూ, అండీ లేకుండా జరగదు. ఆయనకి యాభై దాటాయి. కాగితం తిరగేసి ఇచ్చానని చెప్పబోయాను, నిజంగానే చెప్పబోయాను, కానీ ఆయన అప్పటికే నాలుగు కొట్టేసి ఒకటి వేశాడు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"అండర్‌టేకర్‌ని దాటి హోగనా? ఏడాదికోసారి జరిగే రెసిల్‌మేనియాలో వరసగా ఇరవై ఒక్క గెలుపులండీ. ఇరవై ఒకటి!"

"ఇరవై రెండోసారి ఏమైందండీ మరి?"

ఈ ప్రశ్న ఎవరడిగినా నాకు 2014 ఏప్రిల్ కళ్ళ ముందు కదులుతుంది. న్యూ ఆర్లియన్స్‌లో బ్రాక్ లెస్నర్ గెలిచాక స్టేడియమంతా నోరు తెరుచుకుని ఉండిపోయింది. మా ఇంట్లో నేను ఆ పూట ఇడ్లీ తినలేదు.

"1987లో పాంటియాక్ అని ఊళ్ళో ఆండ్రే గారిని ఎత్తి పడేశారండీ హోగన్ గారు" అంటూ కొట్టాయన ఒక పక్క సంచీలో కొబ్బరికాయలు వేస్తూనే ఉన్నాడు. "ఎంత బరువుంటారనుకున్నారు ఆండ్రే గారు? ఇరవై ఐదు కిలోల బియ్యం బస్తాలు తొమ్మిది పైమాటేనండీ. మీరో బస్తా ఎత్తి చూపించండి, నాలుగులో ఉంచేద్దాం."

కర్పూరం కోసం వచ్చిన పెద్దాయన ఒకరు అంతా వింటున్నారు. "ఎవరండీ వీళ్ళంతా? కోడి రామ్మూర్తి నాయుడు గారు ఏనుగుని గుండెల మీద నిలబెట్టుకున్నారు. ఇనప గొలుసులు తెంపారు. వీరఘట్టం మనిషి. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. మీ వాళ్ళ పేరు మీద స్టేడియం ఉందా?" అన్నారు. దానికి మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. కొట్టాయన గౌరవంగా ఖాళీగా ఉన్న తొమ్మిదో నెంబరు ఇవ్వబోతే పెద్దాయనకి కోపం వచ్చింది. ఒకటైతే ఇవ్వండి, లేదా ఆయన పేరు ఈ కాగితం మీద రాయొద్దు, అన్నారు.

ఇంతలో స్కూటీ మీద వచ్చిన కుర్రాడెవడో, "ఆస్టిన్ మూడు పదహారు ఏంటంకుల్, టీషర్టుల మీద ఉంటుంది?" అని అడిగాడు. ఇలాంటి ప్రశ్న అడిగిన కుర్రాణ్ణి ఎవరైనా వదిలేస్తారా? 1996లో కింగ్ ఆఫ్ ది రింగ్ పోటీ ఫైనల్లో జేక్ రాబర్ట్స్‌ని ఓడించిన సంగతి, ఆ రాబర్ట్స్ అప్పట్లో బైబిలు మాటలు చెబుతూ ఉండటం, యోహాను సువార్త మూడు పదహారుకి పోటీగా ఆస్టిన్ అక్కడికక్కడే తన మూడు పదహారు అనేయడం, అన్నీ చెప్పాను. మూడు పదహారు, మూడు పదహారు అని ఓ పదిసార్లయినా అని ఉంటాను. కొట్టాయన తలూపుతూ పొట్లాలు కడుతున్నాడు. ఫ్లెయిర్ పదహారా, సీనా పదిహేడా అన్న బెల్టుల గొడవా వచ్చింది, కేన్ సంగతీ వచ్చింది. అండర్‌టేకర్ తమ్ముడిగా ముసుగేసుకుని వచ్చినతను అంతకుముందు అదే రింగులో పళ్ళ డాక్టరు వేషం వేశాడనీ, 2018లో టెనెసీలో నాక్స్ కౌంటీకి మేయరయ్యాడనీ చెబితే పెద్దాయన కూడా కాసేపు కోపం మానేసి విన్నారు.

ఫోన్ చూసుకుంటే తొమ్మిది మిస్డ్ కాల్స్. టైము పది.

ఇల్లు చేరేసరికి మా ఆవిడ పట్టుచీరలో గుమ్మంలో ఉంది. ఏమీ అనలేదు. సంచీ తీసుకుని వంటింట్లో బోర్లించింది. కొబ్బరికాయలు దొర్లడం మొదలెట్టి ఎంతకీ ఆగవు. ఒకటి స్టవ్ కిందకి, రెండు హాల్లోకి, ఒకటి నేరుగా పంతులుగారి కాళ్ళ దగ్గరకి.

"ఐదు రాశాను కదా?"

మా అబ్బాయి లెక్కపెట్టి చెప్పాడు. ఇరవై ఒకటి.

అప్పుడు నాకు మెల్లిగా తెలిసివచ్చింది. కర్పూరం పాకెట్లు మూడు. అగరొత్తుల పాకెట్లు పదహారు, ఆవిడ రాసింది ఒకటి. డజను అరటిపళ్ళు రాస్తే పదిహేడు వచ్చాయి, అంటే సీనా విషయంలో కొట్టాయన నాతో ఏకీభవించలేదన్నమాట. నోటితో ఏ అంకె వాదించుకున్నామో అదే సంచీలో పడింది. ఆండ్రే బస్తాల లెక్కన బియ్యం వెయ్యలేదు, ఏదో అదృష్టం. పంతులుగారు కాళ్ళ దగ్గర ఆగిన కొబ్బరికాయ తీసి పక్కన పెట్టి, ఏమీ తెలియనట్టు తుండు సర్దుకున్నారు.

"గోధుమ రవ్వ ఏదీ?" అంది.

కాగితం కోసం జేబులు వెతికాను. ఉంది, కానీ కింది మూడంగుళాలు లేవు. కొట్టాయన తన సొంత టాప్ ఫైవ్ రాసుకుందామని చింపుకున్న ముక్క అది. దాని అవతలి వైపే గోధుమ రవ్వ ఉంది. సత్యనారాయణ వ్రతానికి ఏది లేకపోయినా సర్దుకోవచ్చు కానీ ప్రసాదం రవ్వ లేకుండా ఎలా?

బావమరిదిని బండి మీద పంపించాం. పది నిమిషాల పని. పది పదిహేనైంది, పది ఇరవైఐదైంది, వాడు రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తి, "ఒక్క నిమిషం బావా, ఇక్కడ పెద్దాయన ఎంత చెప్పినా వినడం లేదు" అని పెట్టేశాడు. వాణ్ణి తీసుకురమ్మని మా అబ్బాయిని సైకిల్ మీద పంపించాం. వాడూ రాలేదు. నేను వెళ్తానంటే మా ఆవిడ నాకేసి ఓ చూపు చూసి, పట్టుచీర కుచ్చెళ్ళు దోపుకుని, స్కూటీ తాళాలు తీసుకుంది.

పావుగంటలో వచ్చింది. చేతిలో రవ్వ పొట్లం, వెనక తలొంచుకుని ఇద్దరు. నేరుగా వంటింట్లోకి వెళ్ళి బాండీలో నెయ్యి వేసి రవ్వ వేయించడం మొదలెట్టింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. అట్లకాడ బాండీ అంచుకి కొట్టుకునే చప్పుడు తప్ప ఇంకేం లేదు. రవ్వ ఎర్రబడుతుండగా అడిగింది.

"ఆ లిస్టులో చైనా లేదేం?"

"చైనాకి ఈ రెజ్లింగ్ ఎక్కడిదే, వాళ్ళు టేబుల్ టెన్నిస్..."

"దేశం కాదు. మనిషి. నల్ల డ్రెస్, ఇంత భుజాలు. రాయల్ రంబుల్ పోటీలో దిగిన మొదటి ఆడమనిషి. 1999లో జెఫ్ జారెట్‌ని కొట్టి ఇంటర్‌కాంటినెంటల్ బెల్టు తీసుకుంది. అంతకుముందు ఏ ఆడదానికీ రాలేదది. ఆ మ్యాచ్‌లో కొట్టుకున్నది వేటితోనో తెలుసా? వంటింటి సామాన్లతో." అట్లకాడ బాండీలోంచి బయటికి వచ్చింది. "మా తమ్ముడు చిన్నప్పుడు రిమోట్ ఇచ్చేవాడనుకున్నావా? వాడితోపాటు కూర్చుని అన్నీ చూశాను. పదిమందిని రాశారు, పదిమందీ మగాళ్ళే."

తొమ్మిది ఖాళీగానే ఉంది, అక్కడ వేద్దాం అని నెమ్మదిగా అన్నాను. అట్లకాడ కిందికి దిగలేదు.

హాల్లోంచి పంతులుగారు దగ్గారు. "అమ్మా, ప్రసాదం అయితే తెచ్చెయ్యండి, ముహూర్తం దాటిపోతోంది" అన్నారు. ఒక్క క్షణం ఆగి, గొంతు కాస్త తగ్గించి, "1999 అక్టోబరేనండీ అది. అమ్మాయిగారు చెప్పింది కరెక్టే."