పుట్టిల్లు పైన, కాపురం కింద

(ఆస్పత్రి నుంచి ఇప్పుడే వచ్చారు. రమణయ్య కుర్చీలో ఓ పక్కకి ఒరిగి కూర్చున్నాడు. సుశీల చేతిలో ఎమ్మారై ఫిల్ము.)

రమణయ్య: నొప్పి బీజంలో అంటే నడుంకి ఫోటో తీయిస్తాడేమిటే ఆయన!

సుశీల: మీరు బీజం అని ఎప్పుడన్నారు? మూడు నెలలుగా "అక్కడ, అక్కడ" అంటుంటే మోకాలేమో అనుకుని నొప్పుల నూనె రాశాను.

రమణయ్య: నీతో ఎలా చెప్పనే!

సుశీల: ఇద్దరు పిల్లల తల్లితో చెప్పడానికి సిగ్గా?

రమణయ్య: ఇదివరకు రెండు స్కాన్లు తీశారుగా. వరిబీజం లేదు, ఇన్ఫెక్షన్ లేదు, గడ్డా లేదు. అంతా నార్మలట. నొప్పి మాత్రం ఉంది.

సుశీల: ముందు అక్కడ చూడ్డం తప్పు కాదుట. కుర్రాళ్ళకి బీజం మెలిపడితే ఆరు గంటలు దాటాక దక్కడం కష్టంట. మీది ఆ కథ కాదు. ముప్పై ఏళ్ళు లైన్‌మన్‌గా చేశారే, లైటు వెలగకపోతే బల్బు పట్టుకుని కూర్చుంటారా, స్తంభమెక్కి చూస్తారా? నడుం పైభాగంలో టీ12, ఎల్1 అనే వెన్నుపూసల మధ్య డిస్కు జారి నరాన్ని నొక్కుతోంది.

రమణయ్య: ఆ స్తంభమెక్కడ, ఈ బల్బెక్కడ!

సుశీల: తల్లి కడుపులో ఉన్నప్పుడు బీజాలు కిడ్నీల దగ్గరే తయారవుతాయిట. తర్వాత మెల్లగా కిందకి దిగుతాయి. నరాలు మాత్రం పైనుంచే. పుట్టిల్లు పైన, కాపురం కింద.

రమణయ్య: పుట్టింట్లో ముల్లు గుచ్చుకుంటే కాపురంలో ఏడుపు. అచ్చం నీలాగే.

సుశీల: మా వాళ్ళ జోలికి రాకండి. దగ్గినా, వంగి చెప్పులేసుకున్నా నొప్పని డాక్టరుకి చెప్పిందెవరు?

రమణయ్య: ఆ మాట మొదటి డాక్టరుకే చెప్పొచ్చుగా?

సుశీల: నన్ను లోపలికి రానిచ్చారా!

రమణయ్య: సరే, డిస్కెందుకు జారింది? మీ తమ్ముడొస్తున్నాడని బీరువా జరిపించావు. వాడు మూడు నెలలైనా కదల్లేదు.

సుశీల: ఆపరేషన్ వద్దన్నారుగా, సంతోషించండి. ఇప్పటికి మాత్రలు, ఫిజియోథెరపీ. కూర్చునేచోట మొద్దుబారినా, మూత్రం రాకపోయినా మాత్రం వెంటనే రమ్మన్నారు. అప్పుడు కూడా "అక్కడ" అనకండి.

రమణయ్య: అంటాను. నీకేం?

సుశీల: వాడు రేపు వెళ్ళిపోతున్నాడు. బీరువా మళ్ళీ ఈ గదిలోకి...

రమణయ్య: వాణ్ణే జరపమను.

సుశీల: పాపం, వాడికి నడుం నొప్పండీ.

రమణయ్య: అలాగా! అయితే వాడికి కింద స్కాన్ తీయించు.