చాటింపు వేసేదెవరు? క్రామ్‌వెల్ పాలనలో అసలు చిక్కు

1649 జనవరి 30న లండన్‌లో, పార్లమెంటుతో యుద్ధంలో ఓడిన ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్ తల నరకడం కొన్ని గంటలు ఆలస్యమైంది. రాజు పోయిన మరుక్షణం ఎవడో వీధిలో నిలబడి ఫలానావాడు కొత్త రాజు అని చాటితే మొత్తం వ్యవహారం మళ్ళీ మొదటికొస్తుందని పార్లమెంటుకి ఆఖరి గడియలో తట్టింది. అలా చాటడం నేరమని అప్పటికప్పుడు చట్టం చేశారు. ఆ తర్వాతే గొడ్డలి లేచింది.

చాటింపుకి అప్పట్లో అంత విలువ. ప్రభుత్వం మారిందని జనం నమ్మాలంటే జిల్లా అధికారి అయిన షెరీఫో, నగర మేయరో సంత కూడలిలో నిలబడి గొంతెత్తి చదవాలి. రాచరికం రద్దయిందని చాటమంటే లండన్ లార్డ్ మేయర్ అబ్రహం రేనార్డ్‌సన్ నా వల్ల కాదన్నాడు. పదవి ఊడబీకారు, 2,000 పౌండ్ల జరిమానా వేశారు, లండన్ కోట జైలైన టవర్‌లో ఖైదు చేశారు. అయినా ఆ మాట ఆయన నోట పలకలేదు.

ఆ యుద్ధంలో పార్లమెంటు సేనాని, తర్వాత దేశాన్నేలిన ఆలివర్ క్రామ్‌వెల్ అనగానే నిషేధాల చిట్టా విప్పడం మామూలే. అందులో సగం ఆయన ఖాతాలోవి కావు. నాటకశాలలు మూసింది 1642లో, క్రిస్మస్ పండగ రద్దు చేసింది 1647లో. రెండూ పార్లమెంటు పనులే, అప్పటికి ఆయన ఏలిక కాడు. ఆయన ఏం నిషేధించాడన్నది నాకు అంత ముఖ్యంగా తోచదు. ఆయన మాటని ఊళ్ళో ఎవరు అమలు చేశారన్నదే అసలు ప్రశ్న.

1653 డిసెంబర్ 16న ఆయన లార్డ్ ప్రొటెక్టర్, అంటే రాజు లేని దేశానికి ఏలిక, అయ్యాడు. కొత్త రాజ్యాంగ పత్రం ఒక వెసులుబాటు ఇచ్చింది: 1654 సెప్టెంబర్ 3న పార్లమెంటు కూర్చునేదాకా ప్రొటెక్టర్, ఆయన కౌన్సిల్ కలిసి ఆర్డినెన్సులు తేవచ్చు. తొమ్మిది నెలలు తిరక్కుండానే ఎనభైకి పైగా తెచ్చారు. స్కాట్లాండ్‌ని కలుపుకోవడం దగ్గర్నుంచి లండన్‌లో అద్దె బళ్ళు ఎన్ని తిరగాలో చెప్పడం దాకా అన్నీ ఆర్డినెన్సులే. ద్వంద్వయుద్ధాలు ఆపడానికి ఒకటి. గుర్రప్పందాలకి ఒకటి, ఎందుకంటే పందెం పేరుతో రాజు మనుషులు గుమిగూడి కుట్రలు పన్నుతారని భయం. 1654 మార్చిలో కోడిపందాలకీ ఒకటి. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో ఏటా ఏం జరుగుతుందో తెలిసినవాళ్ళకి దీని మీద పెద్దగా వివరణ అక్కర్లేదు. ఆపాల్సిన ఊరి పెద్దే బరి దగ్గర ముందు వరసలో కూర్చుంటే కాగితం ఏం చేస్తుంది?

కోర్టుల్లో తలనొప్పి ఇంకా పెద్దది. జార్జ్ కోనీ అనే వ్యాపారి సుంకం కట్టనన్నాడు. పార్లమెంటు ఒప్పుకోని ఆర్డినెన్సుతో పన్ను వసూలు చెల్లదని ఆయన లాయర్లు వాదించారు. ఇది పాత పాటే. కొత్త నేరాన్ని ప్రకటనతో పుట్టించే హక్కు రాజుకి లేదని 1610లోనే న్యాయమూర్తులు తేల్చారు. పార్లమెంటు లేకుండా పదకొండేళ్ళు ఏలినందుకే కదా చార్లెస్ మీద అంత కోపం! ప్రొటెక్టర్ జవాబు మాత్రం లాయర్లని టవర్‌కి పంపడం. ప్రధాన న్యాయమూర్తి హెన్రీ రోల్ ఈ టెన్షన్ భరించలేక 1655లో తప్పుకున్నాడు. దీన్ని కేవలం కపటం అనలేను. ఆ వాదనకి తలొగ్గితే సైన్యానికి జీతాలుండవు, సైన్యం లేకపోతే ప్రొటెక్టర్ లేడు.

అదే ఏడు మార్చి 12న, ఇంకా తెల్లవారకముందే, పెన్‌రడాక్ అనే రాజపక్షపు పెద్దమనిషి గుర్రపు రౌతులతో సాల్స్‌బరీలో దిగాడు. జైలు తలుపులు తీయించాడు, జడ్జీల్ని పట్టుకున్నాడు. తల నరికిన రాజు కొడుకు రెండో చార్లెస్‌ని రాజుగా చాటమని షెరీఫ్ జాన్ డవ్‌ని నిలదీశాడు. షెరీఫ్ ససేమిరా అన్నాడు, దాంతో ఆయన్ని బందీగా లాక్కుపోయారు. రేనార్డ్‌సన్ కథే, పక్షం మాత్రం మారింది. ఆ తిరుగుబాటుని అణచడానికి కొన్ని రోజులు కూడా పట్టలేదు. కానీ స్థానిక మేజిస్ట్రేట్ల మీద క్రామ్‌వెల్‌కి ఉన్న కాస్త నమ్మకమూ పోయింది.

దేశాన్ని ముక్కలు చేసి ఒక్కో దానికి ఒక మేజర్ జనరల్‌ని పెట్టాడు. ఖర్చుకి రాజు పక్షం వాళ్ళ ఆస్తుల ఆదాయం మీద పదో వంతు పన్ను. వార్తాపత్రికల్ని కూడా ప్రభుత్వానికి అనుకూలమైన రెండింటికి కుదించాడు. సారా కొట్లు మూయించడం, అల్లరి మూకల్ని పట్టడం మేజర్ జనరల్స్ నిజంగానే చేశారు. కొన్నిచోట్ల బాగానే చేశారు కూడా. అయితే తరతరాలుగా ఊళ్ళో తీర్పులు చెప్పిన భూస్వాములకి, నిన్నటిదాకా పేరైనా తెలియని సైనికుడొచ్చి ఆజ్ఞలు వేయడం మింగుడుపడలేదు. రాజు పక్షం వాళ్ళకే కాదు, పార్లమెంటు తరఫున కత్తి పట్టిన కుటుంబాలకీ పడలేదు. 1657 జనవరి 29న ఆ పన్ను కొనసాగించే బిల్లు 88కి 124 ఓట్లతో వీగిపోయింది. ఆ ఏర్పాటు అంతటితో సరి.

ఆ ఏడాదే పార్లమెంటు ఆయనకి కిరీటం ఇవ్వజూపింది. రాజుగారి మాటైతే దాని హద్దులేమిటో ఊరి మేజిస్ట్రేటుకి ముందే తెలుసు, ప్రొటెక్టర్ మాటకి కొలత లేదు. ఆ లెక్క ఆయనకి అర్థం కాలేదని అనుకోను. అయినా మే నెలలో వద్దన్నాడు. 1658 సెప్టెంబర్ 3న చనిపోయాడు. 1660 మే 8న లండన్ వీధుల్లో రెండో చార్లెస్ రాజని చాటింపు వేశారు. ఈసారి చదవనన్నవాళ్ళని వెతికి టవర్‌లో వేయాల్సిన పని పడలేదు.