ఇరవై రూపాయల బీరు

గుంటూరులో మా మామయ్య టిఫిన్ సెంటర్ గడప ఇన్నేళ్లలో కోడిగుడ్డు కూడా తొక్కలేదు. అలాంటి చోట ఓ శనివారం పొద్దున్నే చికెన్ మెజెస్టిక్‌కి బిల్లు పడింది.

దీనికి మూలం బెంగళూరులో ఉంది. 2025 జులైలో అక్కడ బేకరీలకీ టీ కొట్లకీ యూపీఐ లెక్కలు చూసి, పరిమితి దాటి అమ్ముతున్నా రిజిస్ట్రేషన్ లేదంటూ జీఎస్టీ నోటీసులు పంపారు. భయపడిన కొందరు స్కానర్లు పీకేసి, నగదు మాత్రమే అని అట్టముక్కలు వేలాడదీశారు. ఆ వార్త చదివినప్పట్నుంచి మామయ్యకి మా స్కానర్ పెట్టె "రూపాయలు అందాయి" అని అరిచినప్పుడల్లా గుండెల్లో దడ. ఎవరో వింటున్నారన్నట్టు చుట్టూ చూసేవాడు.

నిజానికి ఆయన భయపడాల్సిన పనేం లేదు. రిజిస్ట్రేషన్ ఉంది. చిన్న వ్యాపారులకిచ్చే కాంపోజిషన్ స్కీములో ఉన్నాడు. అంటే అమ్మకం మీద 5 శాతం సొంత జేబులోంచి కట్టుకోవాలి, తినేవాళ్ల దగ్గర పన్ను పేరుతో పైసా తీసుకోకూడదు. కాంపోజిషన్ వాళ్లమని బోర్డు మీద రాయాలి కూడా. మామయ్య రాయించాడు. సరిగ్గా దాని ముందే అత్తయ్య దిష్టి గుమ్మడికాయ కట్టింది.

"దేనికైనా మంచిది, ప్రతిదానికీ బిల్లు ఇవ్వండి" అన్నారు ఆడిటర్ గారు. కొత్త మెషిన్ రేటు విన్నాక మామయ్య ఆ మాట కొన్నాళ్లు మర్చిపోయాడు. తర్వాత ఊళ్లో ఓ బార్ అండ్ రెస్టారెంట్ మూతపడుతుంటే, అక్కడి బిల్లింగ్ మెషిన్ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా తెచ్చాడు. సెట్టింగులు మార్చడానికొచ్చిన కుర్రాడు రేట్లు మార్చాడు. పేర్లు సాయంత్రం వచ్చి మారుస్తానని, ఓ ప్లేటు మైసూర్ బజ్జీ తిని వెళ్లాడు. ఏ సాయంత్రమో చెప్పలేదు.

మొదటి బిల్లు ఎవరికి పడాలి? ఎవరికైనా పడొచ్చు. కానీ నుదుట నిలువు నామం పెట్టుకుని, శనివారాలు ఒంటిపూట ఉండే పెద్దాయనకి పడింది. ఆయన కమర్షియల్ టాక్స్‌లో పనిచేసి రిటైరయ్యారు. పెసరట్టు ఉప్మా తిని, చెయ్యి కడుక్కుని, కళ్లజోడు పెట్టుకుని బిల్లు చదివారు. అందులో ఇలా ఉంది: చికెన్ మెజెస్టిక్ 60 రూపాయలు, సర్వీస్ ఛార్జి 10 శాతం 6 రూపాయలు, జీఎస్టీ 3.30, మొత్తం 69.30. పైన ఆ బార్ పేరు, వాళ్ల జీఎస్టీ నంబరు. అడుగున "మళ్లీ రండి. తాగి వాహనం నడపకండి."

"ఏమయ్యా, నేను తిన్నదేంటి?" అన్నారాయన, గొంతు చాలా తగ్గించి.

"పెసరట్టే సార్! మెషిన్ దాన్ని అలా పిలుస్తోంది" అన్నాడు మామయ్య.

పెద్దాయన అల్లం చట్నీ వాసన మరోసారి చూసి, ప్రాణం కుదుటపడ్డాక కుర్చీలో కూర్చున్నారు. భక్తుడు వెనక్కి తగ్గి ఆఫీసరు ముందుకొచ్చాడు. నన్ను పిలిచి కాగితం తెమ్మన్నారు. "రాసుకో అబ్బాయ్. కాంపోజిషన్‌లో ఉండి పన్ను వసూలు చేశారు, అది తప్పు. తీసుకున్నది ప్రభుత్వానికి కట్టేయాల్సిందే, గల్లాపెట్టెలో ఉంచుకోవడానికి లేదు. ఇంకొకరి జీఎస్టీ నంబరు మీద బిల్లు కొట్టారు, దానికి జీఎస్టీ చట్టంలో సెక్షన్ 122 ఉంది. జరిమానా పది వేలు, లేదా ఎగ్గొట్టిన పన్నంత, ఏది ఎక్కువైతే అది."

"3.30కి పది వేలా సార్?"

"ఏది ఎక్కువైతే అది అన్నానుగా. మూడోది సర్వీస్ ఛార్జి. బిల్లులో దానంతటదే పడకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022లోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే మాటంది. అయినా ప్లేటు నేనే తెచ్చుకుని, నేనే తీసుకెళ్లి టబ్బులో వేశాను. సర్వీసు ఎవరు చేసినట్టు?"

మామయ్య ఆరు రూపాయలు తీసి బల్ల మీద పెట్టాడు. పెద్దాయన వాటిని ముట్టుకోలేదు, అది సాక్ష్యమట.

ఈ విచారణ జరుగుతుండగా కౌంటర్ దగ్గర కుర్రాళ్లు గోల మొదలెట్టారు. కాఫీకి బిల్లు అడిగితే "బీరు 650 మి.లీ. 20 రూపాయలు" అని పడింది. ఒకడు ఫొటో తీసి కాలేజీ గ్రూపులో పెట్టాడు. మన రాష్ట్రంలో ఆ ధరకి బీరు అంటే ఏం జరుగుతుందో వేరే చెప్పాలా! అరగంటలో సందు నిండా బండ్లు. టిఫిన్ మొహం ఎప్పుడూ చూడని వాళ్లు కూడా లైన్లో నిలబడి, "రెండు పార్సిల్, చల్లగా ఉండాలి" అన్నారు. పెనం దగ్గర మాస్టర్ ఏమీ తెలియక ఇద్దరికి కాఫీ చల్లార్చి మరీ ఇచ్చాడు.

మామయ్య మొహంలో నెత్తురు లేదు. "లైసెన్సు లేకుండా మద్యం అమ్మానని ఎక్సైజు వాళ్లొస్తే?"

పెద్దాయన బిల్లు అందుకుని చూశారు. ఆయన మొహం కందగడ్డలా ఎర్రబడింది. చికెన్ చూసినప్పుడు కూడా అంత కోపం రాలేదు. "బీరుకి జీఎస్టీ వేశాడేంటయ్యా వీడు! మద్యం జీఎస్టీలోకే రాదు, దానికి వ్యాట్!" పాతికేళ్ల ఉద్యోగంలో అంత ఘోరం చూడలేదట. ఆ మధ్య, అంటే 2024లో, కోయంబత్తూరు హోటలాయన ఒకాయన బన్నుకి పన్ను లేదు, లోపల క్రీమ్ పెడితే 18 శాతమని మంత్రిగారి ముందే వాపోతే దేశమంతా నవ్వింది. మా పెద్దాయన మాత్రం అప్పుడూ నవ్వలేదట.

మెషిన్ వైరు పీకేశాం. అత్తయ్య వచ్చి, పెద్దాయన చెప్పినట్టే, కాంపోజిషన్ బోర్డు కనబడేలా ముందు గుమ్మడికాయ పక్కకి జరిపింది.

పదింటికి ఆ బార్ ఓనరే పరుగున వచ్చాడు. చొక్కా గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోలేదు. ఫొటో ఆయన ఫోన్‌కీ చేరింది. "గురూగారూ, నా రిజిస్ట్రేషన్ రద్దు చేయమని అప్లై చేశాను. వ్యాపారం మూసేశానని రాసిచ్చాను. మీరేమో నా పేరు మీద ఇవాళ పొద్దున తెరిచారు! అదీ ఇరవైకి బీరు! అప్పులవాళ్లు ఫోన్ చేసి, మాకివ్వడానికి డబ్బుల్లేవు గానీ ఆఫర్లు పెడతావా అంటున్నారు."

పెద్దాయన ఆయన్ని పక్కన కూర్చోబెట్టి, కొట్టిన బిల్లులన్నీ రద్దు చేసినట్టు ఇద్దరి చేతా కాగితం రాయించి, సంతకాలు పెట్టించి, ఆడిటర్‌కి ఫోన్‌లో పంపించారు. అంతా అయ్యేసరికి బార్ ఓనరుకి ఆకలేసింది. మామయ్య వేడివేడి పెసరట్టు, నెయ్యి కాస్త ఎక్కువే వేసి పెట్టాడు. ఆయన తిని, చెయ్యి తుడుచుకుని, అరవై రూపాయలు బల్ల మీద పెట్టి లేచాడు.

అలవాటు కొద్దీ నేను, "బిల్లు కావాలా సార్?" అన్నాను.

మెట్లు దిగేదాకా ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.